జనసంఖ్య ఏల పెరిగినది? పెద్దపల్లి సీమ లెక్కలు నేర్పు పాఠము

గ్రామ పంచాయతీ సమావేశమున చర్చకు వచ్చు విషయములను ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మంచినీటి తొట్టి చాలుటలేదు. వార్డుల హద్దులు మార్చవలెను. బడిలో పిల్లలు తగ్గుచున్నారు. శ్మశానమునకు స్థలము కావలెను. వృద్ధాప్య పింఛనులకు దరఖాస్తులు పెరుగుచున్నవి. ఇవి వేరువేరు సమస్యలవలె కనిపించును. కాని వీటన్నిటికి మూలమున ఒకే ప్రశ్న ఉన్నది. మన ఊరిలో ఎందరున్నారు? వారిలో పిల్లలెందరు, పనిచేయువారెందరు, ముసలివారెందరు? ఈ సంఖ్య నిన్న ఎంత, రేపు ఎంత?

జనసంఖ్య మాట వచ్చినంతనే "ప్రజలు ఎక్కువమంది పిల్లలను కనుట చేతనే జనము పెరిగినది" అని చాలమంది చెప్పుచుందురు. ఈ మాటలో సత్యము సగమే. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున మన దేశమందు, మన పెద్దపల్లి సీమయందు జనము పెరుగుటకు అసలు కారణము వేరు. ఆ కారణము తెలిసినచో నేడు మన ఊళ్ళలో జరుగుచున్న మార్పు కూడ తేటపడును. ఈ వ్యాసమున ఆ లెక్కలను ఒక్కొక్కటిగా చూతము.

అరువది యేండ్ల కథ

నేటి పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. అంతకు ముందు ఇది కరీంనగరు జిల్లాలోని భాగము. ఆ కరీంనగరు జిల్లాకు 1905 వరకు ఎలగందుల జిల్లా అని పేరు. ఇవన్నియు హైదరాబాదు సంస్థానములో చేరియుండెను. 1948 సెప్టెంబరు 17న సంస్థానము భారత దేశమున కలిసినది. కలిసిన పిమ్మట జరిగిన మొదటి జనాభా లెక్క 1951 నాటిది. హైదరాబాదు రాష్ట్రమునకు అదే చివరి లెక్క కూడ అయినది. ఏలనన 1956లో ఆ రాష్ట్రము మూడు భాగములై, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశమున చేరినవి.

హైదరాబాదు సంస్థానపు జనసంఖ్యను పదేసి యేండ్లకు చూడుడు:

1891లో 1,15,37,040
1901లో 1,11,41,142
1911లో 1,33,74,676
1921లో 1,24,71,770
1931లో 1,44,36,148
1941లో 1,63,38,534
1951లో 1,86,55,108

ఈ పట్టికలో రెండు చోట్ల జనము పెరుగుటకు బదులు తగ్గినది. 1891కిని 1901కిని నడుమ సుమారు 4 లక్షలు తగ్గెను. 1899-1900 నాటి మహాక్షామము ఇందుకు ముఖ్య కారణము. మరల 1911కిని 1921కిని నడుమ 9 లక్షలకు పైగా తగ్గెను. ఆ దశకమున ప్లేగు, క్షామములు ఉండెను. వాటికి తోడు 1918లో ప్రపంచమంతట వ్యాపించిన విషజ్వరము, అనగా ఇన్‌ఫ్లూయెంజా, ఇంటింట పీనుగులను లేపినది. ఒక దశకము పెరుగుట, ఇంకొక దశకము తరుగుట, ఇదే ఆ కాలపు నడక. పదేండ్ల పంటవలె వచ్చిన జనమును ఒక్క గత్తర, ఒక్క కరవు తుడిచివేయుచుండెను.

1921 తరువాత మాత్రము తరుగుదల లేదు. దేశమంతటను ఇట్లే జరిగినది. అందుచేతనే జనాభా శాస్త్రజ్ఞులు 1921వ సంవత్సరమును మన దేశ చరిత్రలో ఒక గొప్ప విభజన రేఖగా చెప్పుదురు. అయినను 1891 నుండి 1951 వరకు గల అరువది యేండ్లలో హైదరాబాదు సంస్థాన జనము ఒకటికి 1.6 రెట్లు మాత్రమే అయినది.

ఇప్పుడు తరువాతి అరువది యేండ్లను చూడుడు. సమైక్య ఆంధ్రప్రదేశ ప్రాంతమున 1951లో 3 కోట్ల 11 లక్షల మంది ఉండిరి. 2011 నాటికి వారు 8 కోట్ల 46 లక్షలైరి. అనగా ఒకటికి 2.7 రెట్లు. రెండు లెక్కల సరిహద్దులు వేరు గనుక అంకెకు అంకె సరిపోల్చరాదు. కాని వేగమున గల భేదము స్పష్టము. స్వాతంత్ర్యము వచ్చిన కాలమే ఈ మలుపు. మరి ఆ మలుపులో జరిగినదేమి?

వేయిమంది గల ఊరి లెక్క

సరిగా వేయిమంది నివసించు ఒక ఊరిని ఊహించుకొందము. ఆ ఊరికి వచ్చువారు గాని, ఊరు విడిచి పోవువారు గాని లేరనుకొందము. దేశపు సగటులను ఆ ఊరికి అన్వయించినచో లెక్క ఇట్లుండును.

1911-21 దశకమున ఏటేట ఆ ఊరిలో 48 మంది పుట్టుచుండిరి. అంతే మంది చనిపోవుచుండిరి. కనుక పెరుగుదల శూన్యము.

1941-51 దశకమున 40 మంది పుట్టుచుండిరి, 27 మంది చనిపోవుచుండిరి. పెరుగుదల 13.

1951-61 దశకమున 42 మంది పుట్టుచుండిరి, 23 మంది చనిపోవుచుండిరి. పెరుగుదల 19.

1971 నాటికి 37 మంది పుట్టుచుండిరి, 15 మంది చనిపోవుచుండిరి. పెరుగుదల 22.

ఇందు గమనింపవలసిన దేమి? పుట్టుకలు పెరుగలేదు. నలువది యెనిమిది నుండి నలువదికి దిగి, ఆ మీద కొంచెము అటునిటు ఊగి, తిరిగి తగ్గినవి. చావులు మాత్రము నలువది యెనిమిది నుండి పదునైదుకు పడిపోయినవి. జనసంఖ్య యనునది ఒక చెరువు వంటిది. వచ్చు కాలువ పుట్టుక, పోవు తూము చావు. మన పెద్దలు కాలువ గండి వెడల్పు చేయలేదు. వైద్యము, ఆహారము, శాంతిభద్రతలు కలిసి తూమును బిగించినవి. చెరువు నిండుటకు అదియే కారణము. స్వాతంత్ర్య కాలపు తల్లి తన తల్లికంటె ఎక్కువమంది పిల్లలను కనలేదు. ఆమె కన్న పిల్లలలో ఎక్కువమంది బ్రతికిరి. అంతే భేదము.

ఇచ్చట పంచాయతీ సభ్యులకు ఉపయోగపడు ఒక చిన్న సూత్రము చెప్పుదుము. జనము ఏటికి నూటికి ఎంత చొప్పున పెరుగుచున్నదో తెలిసినచో, 70ని ఆ అంకెతో భాగింపుడు. వచ్చిన లబ్ధమే జనము రెట్టింపగుటకు పట్టు సంవత్సరముల సంఖ్య. వేయికి 13 అనగా నూటికి 1.3, ఆ చొప్పున రెట్టింపగుటకు 54 ఏండ్లు. వేయికి 22 అనగా నూటికి 2.2, అప్పుడు 32 ఏండ్లే చాలును. తాత కాలమున ఒక ఊరు, మనుమని కాలమునకు రెండూళ్ళు. నూతులు, బడులు, భూములు మాత్రము తమంతట తాము రెట్టింపు కావు.

చావులు తగ్గిన విధము

1951 ప్రాంతమున మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 146 మంది ఏడాది నిండకముందే కన్ను మూయుచుండిరి. అనగా ఏడుగురిలో ఒకరు. మనిషి సగటు ఆయుర్దాయము 32 ఏండ్ల దరిదాపున ఉండెను. ఆ కాలపు ముసలమ్మలను "అవ్వా, నీకెందరు పిల్లలు?" అని అడిగినచో, "కన్నది పదిమందిని, మిగిలినది నలుగురు" అని చెప్పుట ప్రతి ఊరిలో విన్నమాటయే. ఆ మాట వెనుక ఉన్న దుఃఖమును మనము మరువరాదు.

తరువాత వచ్చిన మార్పులు ఇవి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనది. ఇంటి గోడలపై డి.డి.టి. చల్లువారు ఊరూర తిరిగిరి. గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న మంథని, మహదేవపురము వంటి సీమలలో చలిజ్వరము ఎంత పీడించెడిదో పెద్దలకు తెలియును. మశూచి రోగమునకు టీకాలు వేసి వేసి, 1975 తరువాత మన దేశమున ఆ రోగమే లేకుండ చేసిరి. 1977లో భారత దేశము మశూచి లేని దేశమని ప్రకటింపబడినది. పోచమ్మ తల్లికి బోనములు నేడును ఎత్తుచున్నాము. కాని అమ్మవారు పోసి చనిపోవు బిడ్డ నేడు లేదు. సూదిమందులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, చేతిపంపు నీరు వచ్చినవి. కరవు వచ్చినను రైలు మీద ధాన్యము తెప్పించి పంచు ఏర్పాటు కలిగినది. కాజీపేట నుండి బలార్షా వరకు రైలు మార్గము 1920ల చివర పూర్తియైన నాటి నుండి పెద్దపల్లికి ఆ సౌకర్యము దగ్గరైనది.

కనుక జనము పెరుగుట నేరము కాదు. అది మొదట ఒక విజయము. మృత్యువుపై గెలిచిన ఫలము. అయితే ప్రతి విజయము వెంట ఒక బాధ్యత వచ్చును.

మన సీమలో పెరిగిన తీరు

పూర్వపు కరీంనగరు జిల్లా జనసంఖ్య 1961లో సుమారు 16 లక్షలు. 1971లో 19 లక్షల 64 వేలు. 1981లో 24 లక్షల 36 వేలు. 1991లో 30 లక్షల 37 వేలు. 1971 మొదలు ఇరువది యేండ్లలో 10 లక్షలకు పైగా చేరినవి. ఇంత వేగము అంతకు ముందెన్నడును లేదు.

ఈ పెరిగిన జనము ఎట్లు బ్రతికినది? మూడు మార్గములు కనిపించును.

మొదటిది నీరు. 1963 జూలై 26న పోచంపాడు వద్ద శ్రీరామసాగర పథకమునకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. కాకతీయ కాలువ క్రమముగ కరీంనగరు వైపు సాగినది. డి-83, డి-86 ఉపకాలువల ద్వారా పెద్దపల్లి, మంథని ప్రాంతముల పొలములకు నీరు వచ్చినది. జొన్న, మక్క పండిన చెలకలలో వరి నిలిచినది. నేల పెరుగలేదు గాని నేలపై పండునది పెరిగినది.

రెండవది బొగ్గు, విద్యుత్తు. గోదావరిఖని ప్రాంతమున సింగరేణి గనులు 1960ల నుండి విస్తరించినవి. రామగుండమున 1978 నవంబరు 14న జాతీయ థర్మల్ విద్యుత్ కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి మొదలుపెట్టినది. చుట్టుప్రక్కల పల్లెల నుండియు, దూరపు జిల్లాల నుండియు కూలీలు, కార్మికులు వచ్చి చేరిరి. పల్లె జనపు బరువును కొంత పట్టణము ఎత్తుకొన్నది.

మూడవది వలస. బొంబాయి, భీవండి, సూరతు మగ్గముల వద్దకు కొందరు, 1970ల తరువాత గల్ఫు దేశములకు అనేకులు పోయిరి. దుబాయి, మస్కటు పేర్లు తెలియని ఊరు మన జిల్లాలో లేదు.

భూమి మాటకు వత్తము. లెక్కకొరకు ఒక రైతును ఊహింపుడు. 1950లో అతనికి 18 ఎకరములున్నవి. పూర్వ కాలమైనచో అతని ఆరుగురు పిల్లలలో ఇద్దరో ముగ్గురో మిగిలెడివారు. ఇప్పుడు ఆరుగురును బ్రతికిరి. పంచుకొనగా తలకు 3 ఎకరములు వచ్చినవి. ఆ ఆరుగురికి ముగ్గురేసి పిల్లలు కలిగిరి. తలకు ఒక ఎకరము మిగిలినది. రెండు తరములలో పెద్దరైతు ఇల్లు చిన్నరైతుల ఇండ్లైనది. ఎవరును తప్పు చేయలేదు, ఎవరును దుబారా చేయలేదు. చెలక ఒక్కటే, పాళ్ళు అనేకములు. గెట్టు తగాదాలు ఎక్కువగుటకును, వలసలు పెరుగుటకును ఇది ఒక కారణము.

ఆఫ్రికా ఖండమున కెన్యా దేశము

ఇట్టి మలుపు మనకొక్కరికే వచ్చినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట స్వతంత్రములైన దేశములలో పెక్కింటికి ఇదే అనుభవము. ఆఫ్రికాలో తూర్పు తీరమునగల కెన్యా 1963 డిసెంబరు 12న స్వతంత్రమైనది. అంతకు ఏడాది ముందు, 1962లో తీసిన లెక్కలో అచ్చటి జనము 86 లక్షలు. దాదాపు అప్పటి కరీంనగరు వంటి జిల్లాలు అయిదింటి పాటి జనము. 1979లో అది 1 కోటి 53 లక్షలు. 2019లో 4 కోట్ల 75 లక్షలు. యాబది యేడేండ్లలో ఒకటికి అయిదున్నర రెట్లు.

మనకంటె వేగము ఏల? అచ్చటను మందులు, టీకాలు వచ్చి చావులు తగ్గినవి. పుట్టుకలు మాత్రము చాల కాలము తగ్గలేదు. 1970ల చివర ఒక్కొక్క తల్లికి సగటున ఎనిమిదిమంది పిల్లలు. పొలము పనికి చేతులు కావలెను, ముసలితనమున ఆదరించు బిడ్డలు కావలెను, పుట్టిన వారిలో ఎందరు దక్కుదురో నమ్మకము లేదు. ఈ మూడు ఆలోచనలు మన పల్లెటూరి తల్లిదండ్రులకు కొత్తవి కావు గదా! ఆ దశలో కెన్యా జనము ఏటికి నూటికి 3.8 చొప్పున పెరిగినది. మన సూత్రము ప్రకారము 70ని 3.8తో భాగించినచో పదునెనిమిదేండ్లకే రెట్టింపు.

సహారాకు దక్షిణమున ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమమును మొట్టమొదట చేపట్టిన దేశము కెన్యాయే, అది 1967లో. అయినను ఇరువది యేండ్లవరకు ఫలము కనబడలేదు. కార్యక్రమము కాగితముపై ఉన్నంత మాత్రమున తల్లిదండ్రుల మనసు మారదు. ఆడపిల్లలు బడికి పోవుట, పసిబిడ్డలు దక్కుదురను ధైర్యము, ఊరికి దగ్గరలో సాధనములు దొరకుట, ఈ మూడును కలిసినప్పుడే కాన్పులు తగ్గినవి. 2022 నాటికి కెన్యా తల్లికి సగటున 3.4 మంది పిల్లలు.

మరియొక ఆఫ్రికా దేశమైన నైజీరియా 1960లో స్వతంత్రమైనది. అచ్చట 1962లో తీసిన లెక్కను రద్దుచేసి, 1963లో మరల తీయవలసి వచ్చినది. దానిపైనను తగాదా తీరలేదు. కారణమేమన, పార్లమెంటు స్థానములు జనసంఖ్యను బట్టి పంచబడును గనుక, ప్రతి ప్రాంతము తన అంకెను పెంచి చూపుటకు ప్రయత్నించినదను అనుమానము. లెక్క చెడినచో పంపకము చెడును, పంపకము చెడినచో ఐకమత్యము చెడును. ఈ నీతి దేశమునకెంతో ఊరికిని అంతే.

కాన్పులు తగ్గిన విధము

1951 జనాభా లెక్కల అధిపతియైన ఆర్.ఏ. గోపాలస్వామిగారు తమ నివేదికలో నాలుగవది, ఆపై కాన్పులను తగ్గించుట అవసరమని హెచ్చరించిరి. మొదటి పంచవర్ష ప్రణాళికలో కుటుంబ నియంత్రణకు 65 లక్షల రూపాయలు కేటాయింపబడినవి. 1952లోనే ప్రభుత్వము దీనిని జాతీయ కార్యక్రమముగ చేపట్టినది. ప్రపంచమున ఇట్లు మొదట చేసినది మన దేశమే.

కాని మార్గమున ఒక చేదు అనుభవము గలదు. 1975-77 నాటి అత్యవసర పరిస్థితి కాలమున అనేక రాష్ట్రములలో బలవంతముగ శస్త్రచికిత్సలు జరిగినవి. 1976-77 ఒక్క సంవత్సరములో దేశమున 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు నమోదైనవి. ప్రజలకు కార్యక్రమముపై నమ్మకము పోయినది. ప్రభుత్వము మారిన తరువాత దాని పేరునే కుటుంబ సంక్షేమముగ మార్చవలసి వచ్చెను. బెదిరించి ఒక ఏడు అంకెలను పెంచవచ్చును; పదేండ్ల విశ్వాసమును పోగొట్టుకొందుము.

మన సీమలో అసలు మార్పు ఆ తరువాతనే, బలవంతము లేకుండ వచ్చినది. పూర్వపు కరీంనగరు జిల్లా పెరుగుదల 1981-91లో నూటికి 24 దాటియుండగా, 1991-2001లో 15కు, 2001-2011లో 8కి దిగినది. 2011లో జిల్లా జనము 37 లక్షల 76 వేలు. ఒకే తరములో ఇంత మార్పు! ఆరుగురు పిల్లలను కన్న ఇల్లు ఇద్దరితో సరిపెట్టుకొనుట నేర్చినది. బిడ్డ దక్కునను ధైర్యము, చదువు ఖర్చు, భూమి కొరత, బీడీలు చుట్టుచు సంపాదించు తల్లుల మాటకు ఇంటిలో విలువ పెరుగుట, ఇవన్నియు ఇందు పాలు గలవి.

ఇచ్చట పురుషులు సిగ్గుపడవలసిన విషయము ఒకటి గలదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున వివాహిత స్త్రీలలో నూటికి 60 మందికి పైగా తామే శస్త్రచికిత్స చేయించుకొనిరి. పురుషుల శస్త్రచికిత్స సులభమైనది, అపాయము తక్కువది. అయినను ముందుకు వచ్చినవారు అతి స్వల్పము. కన్నదియు తల్లియే, కత్తికి ఒప్పుకొన్నదియు తల్లియే. కుటుంబమునకు యజమానులమని చెప్పుకొనువారు ఈ అంకెను ఆలోచింపవలెను. ఇద్దరే చాలునన్నప్పుడు ఆ ఇద్దరిలో కొడుకు ఉండితీరవలెనను ఆశచే గర్భస్థ శిశువు ఆడా, మగా యని పరీక్షించుట 1994 చట్టము ప్రకారము నేరము. ఆ నేరమునకు ఊరు కన్నుమూసికొనరాదు.

నేటి ప్రశ్న వేరు

పై సర్వే ప్రకారము తెలంగాణమున తల్లికి సగటున 1.8 మంది పిల్లలు. ఒక తరము తన స్థానమున అంతే తరమును నిలుపుటకు 2.1 కావలెను. అనగా మనము ఆ గీతకు క్రిందికి వచ్చితిమి. అయినను జనము వెంటనే తగ్గదు. ఏలనన అధిక సంఖ్యలో పుట్టిన పూర్వతరము ఇంకను జీవించియున్నది. తెలంగాణపు సగటులను అన్వయించినచో 2020లో మన వేయిమంది ఊరిలో 16 మంది పుట్టిరి, 6గురు చనిపోయిరి. బండి పగ్గము లాగినను కొంతదూరము సాగునట్లు పెరుగుదల కొంతకాలము సాగును.

1950కిని 1980కిని నడుమ పుట్టిన పెద్ద తరమే నేడు వృద్ధులగుచున్నది. పిల్లలో పట్టణమున, గల్ఫున ఉన్నారు. బడిలో బల్లలు ఖాళీ, ఆరోగ్య కేంద్రము వద్ద బి.పి., చక్కెర వ్యాధి మాత్రల కొరకు వరుస. రామగుండము పట్టణమే ఒక దృష్టాంతము. 2001లో అచ్చట 2 లక్షల 36 వేల మంది ఉండగా, 2011లో 2 లక్షల 29 వేలే. ఎరువుల కర్మాగారము 1999లో మూతపడుట, గనులలో యంత్రములు వచ్చి కార్మికులు తగ్గుట ఇందుకు కారణములు. కర్మాగారము 2021లో కొత్త పేరుతో మరల మొదలైనది గాని, పూర్వమువలె వేలమందికి పని యంత్రయుగమున దొరకదు. పట్టణములు సైతము ఎల్లకాలము పెరుగవు.

చట్టము కూడ ఈ మార్పును గుర్తించుచున్నది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము 1995 మే 30 తరువాత ఇద్దరికి మించి బిడ్డలు కలవారు పంచాయతీ ఎన్నికలకు అనర్హులైరి. ఎందరో యోగ్యులు, ముఖ్యముగ స్త్రీలు, ఈ నిబంధన వలన పోటీకి దూరమైరి. ఆంధ్రప్రదేశ్ 2024లో దీనిని తొలగించినది. తెలంగాణ మంత్రివర్గము 2025లో తొలగింప నిర్ణయించినది. ఒక తరపు మందు ఇంకొక తరమునకు పనికిరాకపోవచ్చును.

ఇంకొక పెద్ద చిక్కు గలదు. లోకసభ స్థానముల పంపకమునకు 1971 నాటి జనసంఖ్యయే ఆధారముగ 1976లో రాజ్యాంగ సవరణచే నిలిపివేసిరి. 2001లో దానిని 2026 తరువాత వచ్చు మొదటి జనాభా లెక్క వరకు పొడిగించిరి. కాన్పులు తగ్గించిన రాష్ట్రములకు స్థానములు తగ్గునా అను భయము దక్షిణ రాష్ట్రములలో దీనివలననే కలిగినది. పల్లె తల్లి తీసికొన్న నిర్ణయమునకు ఢిల్లీలోని కుర్చీలకును ఇంత సంబంధము గలదు.

పంచాయతీ చేయదగిన పనులు

2021లో జరుగవలసిన జనాభా లెక్క కరోనా వ్యాధి వలన ఆగినది. తదుపరి లెక్కకు 2027 మార్చి 1వ తేది ఆధారముగ నిర్ణయింపబడినది. పదునారేండ్ల తరువాత వచ్చు లెక్క గనుక దాని విలువ మిక్కిలి ఎక్కువ. వార్డుల సంఖ్య, షెడ్యూల్డు కులములకు, తెగలకు స్థానముల కేటాయింపు, ఆర్థిక సంఘముల నిధులు, అన్నిటికిని జనసంఖ్యయే ప్రధాన ప్రమాణము. కావున సభ్యులు ఈ క్రింది విషయములందు శ్రద్ధ వహింపవలెను.

ఒకటి: లెక్క తీయువారు ఏ గుడిసెను, ఏ గూడెమును, ఊరవతలి ఏ బట్టీ కూలీల పాకను విడువకుండ చూడవలెను. దాటిపోయిన ప్రతి ఇల్లు ఊరి నిధులలో తరుగు. అట్లని లేనివారిని చేర్చరాదు. నైజీరియా అనుభవము గుర్తుంచుకొనుడు.

రెండు: లెక్క తీయు దినములన్నియు ఊరిలో లేనివారు 2011 లెక్కలో ఊరి జనముగ చేరలేదు. గల్ఫుకు, భీవండికి పోయినవారి జాబితాను పంచాయతీ వేరుగ వ్రాసియుంచుకొనుట మేలు. వారి ముసలి తల్లిదండ్రుల అవసరములు ఆ జాబితా వలననే తెలియును.

మూడు: 1969 చట్టము ప్రకారము ప్రతి జననమును, మరణమును 21 దినములలో నమోదు చేయింపవలెను. పల్లెలలో పంచాయతీ కార్యదర్శియే ఈ పని చూచును. మరణములను నమోదు చేయించుటలో ఇప్పటికిని అలసత గలదు. మరణము నమోదు కానిచో వారసత్వ మార్పిడి, బీమా, పింఛను అన్నియు చిక్కుపడును. ఏ వ్యాధితో ఎందరు పోవుచున్నారో ఊరికే తెలియకుండ పోవును.

నాలుగు: ఊరి వయస్సు తెలిసికొనుడు. ఆరేండ్ల లోపువారు, బడి యీడువారు, అరువది దాటినవారు ఎందరో అంగన్వాడి, ఆశా కార్యకర్తల పుస్తకములలో ఉండును. ఆ మూడంకెలను పంచాయతీ గోడపై ఏటేట వ్రాయుడు. అయిదేండ్లకు ఆ గోడయే మీకు గొప్ప పాఠ్యగ్రంథమగును. కొత్తగదికి తీర్మానము చేయుముందు, అది బడికి కావలెనా, వృద్ధుల విశ్రాంతి గృహమునకు కావలెనా యని ఆ అంకెలే చెప్పును.

ముగింపు

1951లో లెక్క తీయుటకు పటేలు, పట్వారీలు లాంతరు పట్టుకొని ఇంటింటికి తిరిగినప్పుడు ఊరిలో పసిపిల్లల ఏడ్పులు ఎక్కువ, వారిలో బ్రతుకువారు తక్కువ. పుట్టినవారెల్ల బ్రతుకవలెనని ఆ తరము కోరుకొన్నది. ఆ కోరిక చాలవరకు తీరినది. బ్రతికినవారెల్ల చదువుకొనవలెనని, పని దొరకవలెనని తరువాతి తరము కోరినది. అది సగము తీరినది. బ్రతికి, పనిచేసి, అలసినవారు ఊరిలోనే గౌరవముతో ముసలితనము గడపవలెనను కోరిక నేటి తరమునకు వచ్చినది. అది తీరునో, తీరదో చాలవరకు మీ పంచాయతీ సమావేశములలోనే తేలును.

చర్చనీయ ప్రశ్నలు

1. మీ ఊరి జనసంఖ్య 2011లో ఎంత? అంతకు ముందరి లెక్కలో ఎంత? నూటికి ఎంత పెరిగినది, లేక తగ్గినది?

2. గత సంవత్సరము మీ గ్రామమున ఎన్ని జననములు, ఎన్ని మరణములు నమోదైనవి? నమోదు కానివి ఎన్ని ఉండవచ్చును?

3. మీ ఊరిలో అరువది యేండ్లు దాటి ఒంటరిగ నివసించువారు ఎందరు? వారికొరకు పంచాయతీ ఈ యేడు ఏ ఒక్క పని చేయగలదు?